ఒక పోలీసు, ఇంకొకరి టోపీ

ఒక్క సీసీ కెమెరా వంద మంది పోలీసులతో సమానం. తెలంగాణలో ఈ మాట వినని ఊరుండదు. ఆ లెక్కన మొన్న కామారెడ్డిలో పదహారు వందల మంది పోలీసుల కళ్ల ముందే నా బెల్లం సంచి పోయింది.

పదహారు కెమెరాల బట్టల దుకాణం అది. బండి హ్యాండిల్‌కు తగిలించిన ఐదు కిలోల బెల్లం, నేను లోపలికి పోయి వచ్చేసరికి మాయం. సేటు ధీమాగా గల్లాపెట్టె పక్కనున్న టీవీ చూపించాడు. రెండు పక్కలా నల్ల పట్టీలు, మధ్యలో పదహారు గడులు. వెనక్కి తిప్పితే ఓ గడిలో తాటిచెట్టంత మనిషొకడు సంచి పట్టుకొని పోతున్నాడు. మొహం ఉండాల్సిన చోట గోధుమరంగు మచ్చ.

“గదేంది సేటూ, అందరూ గింత పొడుగున్నరు?”

“మావి ఫోర్ మెగాపిక్సెల్ కెమెరాలు సార్. మస్తు క్లియర్.”

సేటు అబద్ధమాడలేదు. ఆ కెమెరా తీసే బొమ్మ 2560×1440, అంటే 36,86,400 చుక్కలు. కానీ రికార్డర్ టీవీకి పంపుతున్న బొమ్మ 1024×768. వెడల్పు బొమ్మను ఆ ఇరుకు చట్రంలో కుక్కితే మనుషుల అడ్డం నాలుగో వంతు నలుగుతుంది. అందుకే ఆ పొడుగు. ఆ చట్రాన్ని పదహారు గడులుగా కోస్తే గడికి దక్కేది 256×192, అంటే 49,152 చుక్కలు. సరిగ్గా 75వ వంతు. వంద మంది పోలీసులను 75తో భాగించండి: ఒక పోలీసు, ఇంకొకరి టోపీ.

సెట్టింగుల్లో 1920×1080 అని మారిస్తే గడికి మూడున్నర మంది పోలీసులు వస్తారు. ఒకే కెమెరాను తెర నిండా తెరిస్తే యాభై ఆరు మంది. పని రెండు నిమిషాలు. తాను ఏ కొలతలు చూపగలదో టీవీయే తీగ గుండా రికార్డర్‌కు చెప్పుకుంటుంది పాపం. కానీ బిగించినాయన ఏ డబ్బా తెరకైనా సరిపోతుందని 1024 పెట్టి, డబ్బులు లెక్కబెట్టుకొని పోయాడు.

“మార్చుదామా?” అన్నాను.

“అమ్మో, ముట్టుకోవద్దు సార్! తెర నల్లగైతదట. పాస్‌వర్డు గాయనకే ఎరుక.”

నల్లగయ్యే మాట నిజమే, టీవీకి చేతకాని కొలత పెడితే. అయినా రికార్డర్ నెట్‌వర్క్‌లోనే ఉంటుంది కదా. పక్కనున్న కంప్యూటర్‌లో దాని చిరునామా కొట్టి పాత కొలత మళ్లీ పెట్టొచ్చు. కాకపోతే దానికీ పాస్‌వర్డు కావాలి. ఇంటి తాళంచెవి మేస్త్రీ జేబులో పెట్టి గృహప్రవేశం చేసుకున్నట్టుంది వ్యవహారం.

హార్డ్ డిస్క్‌లో అసలు బొమ్మ చెక్కుచెదరకుండా ఉంటుందని అంటారు. ఉంటుంది. 2013 నాటి ప్రజా భద్రత చట్టం జనం ఎక్కువగా వచ్చే చోట్ల 30 రోజుల దృశ్యాలు దాచమనే చెప్పింది. దాస్తున్నాం. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే వంద మంది పోలీసులూ ఒక్కసారిగా బయటికొస్తారు, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు. ఆ లోపు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మనిషి చూసేది మాత్రం మచ్చనే.

కామారెడ్డయినా ఎల్లారెడ్డయినా మనకు వచ్చిన లెక్క ఒక్కటే: ఎన్ని కెమెరాలు పెట్టాం? తెర మీద ఏం కనబడుతోందని అడిగిన పాపాన ఎవరూ పోరు. గుడికి గంటలెన్నో లెక్కబెట్టి, లోపల దేవుడున్నాడో లేడో చూడని భక్తి మనది.

బెల్లం మీద ఆశ వదులుకొని లేస్తుంటే సేటు ఊరడించాడు: “ఫికర్ జేయకుండ్రి సార్. వచ్చే వారం పెద్ద రికార్డర్ తెచ్చి ఇంకో నాలుగు కెమెరాలు పెట్టిస్తున్న.”

అంటే ఇరవై కెమెరాలు. పదహారు గడులు చాలవు, తెరను ఇరవై ఐదుగా కోయాలి. ఇంటికొచ్చి లెక్క కట్టాను. మళ్లీ అదే 1024 పెడితే గడికి దక్కేది 117వ వంతు. కొత్తగా నాలుగు వందల మంది పోలీసులు దిగుతున్నారు కాబట్టి, ఉన్న ఆ ఒక్క పోలీసూ పోతున్నాడు.