నేను పుట్టింది ఏట్లో కాదు

నేను ఉప్పుటేరు మండపీతను. కొల్లేరు నీటిని సముద్రానికి మోసే ఈ ఏటి ఒడ్డున, బురదలో బొరియ చేసుకుని బతుకుతాను. ఏలూరు, ఆకివీడు, అత్తిలి బజార్లలో కాళ్లకు తాడు కట్టి అమ్మేది మా జాతినే. కొనేవాళ్లు ఏటి పీత అంటారు గానీ, నేను పుట్టింది ఏట్లో కాదు. మా పసిపిల్లలు చప్పనీటిలో బతకవు. అందుకే గుడ్లు పెట్టే వేళకు తల్లి ఏరు దిగి బంగాళాఖాతంలోకి పోతుంది. పొట్ట కింద లక్షల గుడ్లు మోస్తుంది. మొదట నారింజ రంగులో ఉండే ఆ గుడ్లు పిల్లలయ్యే ముందు నల్లబడతాయి. బయటికొచ్చిన పిల్లలో పీత పోలికే ఉండదు: మిల్లీమీటరు ఒళ్లు, పెద్ద కళ్లు, వీపు మీద ముల్లు. అయిదు దశలు దాటి, పెద్ద కాళ్లూ తోకా రెండూ ఉన్న మెగలోపా కావడానికి మూడు వారాలు అటూఇటూ పడుతుంది. అన్నాళ్లూ నీరు ఎటు పోతే అటే దాని ప్రయాణం.

ఆ నీరు ఏడాదంతా ఒకే దిక్కుకు పోదు. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరప్రవాహం ఈశాన్యంగా కాకినాడ, విశాఖల వైపు సాగుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరగబడి నెల్లూరు వైపు దిగుతుంది. సెకనుకు అర మీటరు వేగమే అనుకున్నా రోజుకు 43 కిలోమీటర్లు. దారిలో సుడులు తిప్పకపోతే మూడు వారాల్లో 900 కిలోమీటర్లు! దీనికి గాలి తోడవుతుంది. భూమి తిరగడం వల్ల మన అర్ధగోళంలో పైనీరు గాలికి కుడివైపు జరుగుతుంది. నైరుతి గాలులప్పుడు అది తీరం వదిలి సముద్రంలోకి పోతుంది, దాని చోటికి అడుగు నీరు వస్తుంది. ఈశాన్య గాలులప్పుడు పైనీరే ఒడ్డుకు చేరుతుంది.

అయితే మా పుట్టుక అంతా గాలివాటమేనా అంటారు. అంత చిన్న ప్రాణి ప్రవాహానికి ఎదురీదలేదు, నిజమే. కానీ పైకి లేవగలదు, కిందికి దిగగలదు. లోతును బట్టి నీటి దిక్కు మారుతున్నప్పుడు, లోతు మార్చుకుంటే దారి మారినట్టే. ఏటి మొగల దగ్గర పరిశీలించినవారు ఎన్నో పీత, రొయ్య జాతుల పిల్లల్లో ఇది చూశారు: పోటు వేళ పైకి లేచి నీటితో లోపలికి వస్తాయి, పాటు వేళ అడుగును కరుచుకుని ఉండిపోతాయి.

వలకు చిక్కిన గుడ్లపీతను వదిలేయమంటే జాలర్లు ఇంకో మాటా అంటారు: ఇక్కడ వదిలిన దాని పిల్లలు కాకినాడకో నెల్లూరుకో పోతే మాకేం లాభం? ఉప్పుటేరులో మీరు పట్టే పీత కూడా అలా ఎక్కడి నుంచో కొట్టుకొచ్చిన బిడ్డే కావచ్చు. దాని తల్లిని ఆ ఊరివాళ్లు వదిలితేనే అది మీ బుట్టలో పడింది. ఏ రేవుకు ఆ రేవు లెక్క వేసుకుంటే అన్ని రేవులూ నష్టపోతాయి. కాబట్టి సముద్రంలో మీ వలకు గుడ్లపీత చిక్కితే ఒడ్డుకు తేవద్దు, అక్కడే ఉప్పునీట్లో వదిలేయండి.