నలభై మాటల కన్నీళ్లు

మా మేనకోడలు రాయ్‌పూర్‌లో పన్నెండో తరగతి. బోర్డు పరీక్షలు దగ్గరపడ్డాయని, ఇంగ్లిషు సాహిత్యం కాస్త ‘చేయించి’ పొమ్మని అక్క ఫోను చేసింది. ఇక్కడ సాహిత్యాన్ని ఎవరూ చదవరు. లెక్కల్లాగే చేస్తారు.

ఫ్లెమింగో, విస్టాస్ అని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు రెండు. రెండూ బ్యాగు అడుగున పెళ్లికూతుళ్లలా మడత నలగకుండా ఉన్నాయి. పైన అట్ట ఊడి, చెమటకు తడిసి, సంసారం ఈదుతున్నది మాత్రం గైడు.

మొదట ఆల్ఫాన్స్ దోదే కథ ‘ది లాస్ట్ లెసన్’ తీశాం. 1870-71 యుద్ధంలో ఫ్రాన్స్ ఓడిపోయింది, ఆల్సేస్ జర్మన్ల చేతికి వెళ్లింది, బడిలో ఇక జర్మన్ భాషే అని బెర్లిన్ నుంచి ఉత్తర్వు వచ్చింది. నలభై ఏళ్లుగా అదే బడిలో ఉన్న మాస్టారు ఆ పూట ఆఖరి ఫ్రెంచి పాఠం చెబుతాడు.

“థీమ్ ఏంటే?”

“మాతృభాష మీద ప్రేమ. చివర్లో లింగ్విస్టిక్ షావనిజం అని రాస్తే వేల్యూ పాయింట్ మావయ్యా.”

“మరి నీ మాతృభాష?”

“ఫారంలోనా, నిజంగానా?”

ఫారంలో హిందీ అని నింపింది మా అక్కే. 1931లో విజయనగరం - రాయ్‌పూర్ రైలుమార్గం పూర్తయ్యాక ఆ దారినే వచ్చిన కుటుంబాల్లో మాదొకటి. ఆల్సేస్‌లో భాషను సాగనంపడానికి ఊరి పెద్దలైనా వచ్చి వెనక బల్లల మీద కూర్చున్నారు. మా ఇంట్లో తెలుగు వెళ్లిపోయిన రోజున ఎవరూ సెలవు పెట్టలేదు. అసలు ఏ రోజున వెళ్లిందో కూడా గుర్తులేదు. ఇప్పుడు ఆ పిల్ల ఫ్రెంచి మాస్టారి బాధను ఇంగ్లిషులో బట్టీపట్టి, అర్థం కాని మాటల పక్కన హిందీ అక్షరాలు రాసుకుంటోంది. ఆ అర్థాలు చెబుతున్నది తెలుగు మావయ్య. బెర్లిన్‌వాళ్లకు ఇంత ఓపిక ఉండేది కాదు.

ఎనభై మార్కుల పేపరులో సాహిత్యానికి నలభై. చిన్న జవాబు 40 నుంచి 50 మాటలు, పెద్దది 120 నుంచి 150. మాస్టారి నలభై ఏళ్లకు నలభై మాటలు, ఏడాదికొకటి. గిట్టుబాటు ధరే. కీట్స్‌ది ఇంకా చవక బేరం: ‘ఎండిమియన్’ నాలుగు వేల పైచిలుకు పంక్తులైతే, పిల్లలకిచ్చింది మొదట్లోని పిడికెడు. ఆ పిడికెడులోనూ రాళ్లు ఏరినట్టు అలంకారాలు ఏరాలి.

సికింద్రాబాదులో పుట్టిన అశోకమిత్రన్ జెమినీ స్టూడియో గురించి రాసిన వ్యాసం దగ్గర నేను తమాయించుకోలేకపోయాను. ఇంగ్లిషు కవి స్టీఫెన్ స్పెండర్ మద్రాసు స్టూడియోకి వస్తాడు, మాట్లాడతాడు. ఎందుకొచ్చాడో, ఏమన్నాడో అక్కడెవరికీ బోధపడదు. పగలబడి నవ్వుతుంటే పిల్ల నా వంక జాలిగా చూసింది.

“నవ్వకు మావయ్యా. హ్యూమర్ కూడా ఇంపార్టెంటే. ఉదాహరణలు రాయమంటారు.”

ఇదే రాయ్‌పూర్‌లో చిన్నప్పుడు చదువుకున్న హరినాథ్ డే 34 భాషలు నేర్చాడట. గైడు దొరకని రోజులు మరి, వేరే దారి లేక నేర్చుకుని ఉంటాడు.

ఇంతలో పార్వతీపురం నుంచి అమ్మ ఫోను. నాన్న రైల్వేలో రిటైరయ్యాక వాళ్లు అక్కడికే వెళ్లిపోయారు. ఏం చదువుతున్నావమ్మా అంటే, పిల్ల సగం హిందీ, సగం తెలుగులో ఆ ఆఖరి పాఠం కథంతా చెప్పింది. నలభై మాటలు ఎప్పుడో దాటిపోయాయి. పది నిమిషాలు చెప్పింది. అవతల అమ్మ ఊ కొడుతూనే ఉంది. అయ్యాక అడిగింది:

“మరి మర్నాడు ఆ మేష్టారు ఎక్కడికెళ్లాడమ్మా? ఆ వయసులో కూడెవరు పెట్టారు?”

పిల్ల గైడు తిరగేసింది. ముందుకీ వెనక్కీ, ఆఖరికి అయిదేళ్ల పాత పేపర్లున్న పేజీల దాకా.

“ఆ క్వశ్చన్ ఎప్పుడూ రాలేదమ్మమ్మా” అంది, గొంతు తగ్గించి.