సంతకం పెట్టని సర్వజ్ఞుడు

2016లో టొరంటోలో జరిగిన ఒక సదస్సులో కృత్రిమ మేధ శాస్త్రవేత్త జెఫ్రీ హింటన్ రేడియాలజిస్టుల జాతకం చెప్పేశారు. ఇక వాళ్లకు శిక్షణ ఇవ్వడం మానేయాలని, ఐదేళ్లలో, మహా అయితే పదేళ్లలో, యంత్రమే స్కాన్లను వాళ్లకంటే బాగా చదువుతుందని ఆయన సెలవిచ్చారు. 2024లో ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది గానీ, రేడియాలజిస్టుల ఉద్యోగాలు పోలేదు. అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ వాళ్ల కొరత ఇంకా అలాగే ఉంది. కాస్త ఎక్కువే మాట్లాడానని హింటన్ తర్వాత ఒప్పుకున్నారు. ఆయన జోస్యాన్ని అమ్ముకుంటున్నవారికైతే ఆ మొహమాటం కూడా లేదు. పల్లెలో ఎక్స్‌రే మిషను, ఎక్కడో సర్వర్‌లో తెలివి, మధ్యలో డాక్టరెందుకండీ అని వాళ్ల వాదన.

ఆ తెలివి ఏపాటిదో చూద్దాం. 2017లో స్టాన్‌ఫర్డ్ బృందం లక్షకు పైగా ఛాతీ ఎక్స్‌రేలతో తయారుచేసిన ప్రోగ్రాం న్యుమోనియాను రేడియాలజిస్టుల కంటే బాగా పట్టిందని ప్రకటించింది. మరుసటి ఏడాది వేరే పరిశోధకులు ఇలాంటి ప్రోగ్రాములనే ఒక ఆసుపత్రిలో నేర్పి మరో ఆసుపత్రి ఎక్స్‌రేల మీద పరీక్షిస్తే చాలాచోట్ల పనితనం తగ్గింది. ఎక్స్‌రే ఏ ఆసుపత్రిదో మాత్రం ప్రోగ్రాం ఇట్టే చెప్పేసింది! న్యుమోనియా కేసులు ఎక్కువుండే ఆసుపత్రిదైతే అనుమానమూ ఎక్కువే. ఊపిరితిత్తుల కంటే ముందు ఆసుపత్రి చిరునామా చదివే ఈ ప్రతిభ పోస్టాఫీసుకు బాగా పనికొస్తుంది.

దూరం నుంచి చదవడం కొత్తేమీ కాదు. ఈ శతాబ్దం మొదట్లోనే అమెరికాలో రాత్రయితే సిడ్నీలోనో బెంగళూరులోనో డాక్టర్లు ఆ స్కాన్లు చూసేవారు. అమెరికా లైసెన్సున్న డాక్టరే బెంగళూరులో కూర్చుని చదివినా, అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్ ఆ రిపోర్టుకు డబ్బివ్వదు. తెల్లారాక అమెరికాలో మరో డాక్టరు అదే స్కాను మళ్లీ చూసి సంతకం పెట్టాలి. చదివే కన్ను సముద్రాలు దాటింది గానీ, జవాబు చెప్పాల్సిన బాధ్యత గడప దాటలేదు. యంత్రం అమ్మేవారికీ ఈ సంగతి బాగా తెలుసు. వేదిక మీద డాక్టరే అక్కర్లేదంటారు. వాడుక నిబంధనల్లో మాత్రం ‘ఇది డాక్టరుకు సహాయంగా మాత్రమే’ అని చిన్నచిన్న అక్షరాల్లో రాసుకుంటారు. లాభం యంత్రానిది, కోర్టు డాక్టరుది.

డాక్టరే లేనిచోట యంత్రమైనా నయం కదా అంటారు. ఆ మాటలో నిజముంది. క్షయ అనుమానితులను వడకట్టడానికి, పదిహేనేళ్లు దాటినవారి ఎక్స్‌రేలను మనిషి బదులు సాఫ్ట్‌వేర్ చదవవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఆమోదించింది. స్వీడన్‌లో 80,000 మంది మహిళల మీద జరిగిన పరీక్షలో మామోగ్రాములు (రొమ్ము ఎక్స్‌రేలు) చదివే భారం 44 శాతం తగ్గింది. అయితే ఈ రెండు చోట్లా యంత్రాన్ని అడిగిన ప్రశ్న ఒక్కొక్కటే. క్షయ అనుమానమొస్తే వెనకాల కళ్లె పరీక్ష ఉంది. స్వీడన్‌లో అపాయం తక్కువున్న మామోగ్రామును ఇద్దరికి బదులు ఒక్క డాక్టరు చూశారు, అంతేగాని ఎవరూ చూడకుండా వదిలేయలేదు. ఇవి డాక్టరును వెళ్లగొట్టిన కథలు కావు, డాక్టరు సమయాన్ని మిగిల్చిన కథలు.

కాబట్టి జోస్యులకు ఒకటే షరతు. రిపోర్టు కింద మీ కంపెనీ పేరు రాయండి, గడ్డను గమనించకుండా వదిలేస్తే పరిహారం మీరే కట్టండి. ఆ ధైర్యం వచ్చిన రోజున రేడియాలజీ సీట్లు తగ్గించే మాట ఎత్తండి.