గాజుకు గుర్తింపు, వేళ్లకు గప్‌చుప్

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. గాజు ఏ ఊరిదో చెప్పే ఆ ముద్ర, దాని మీద రాళ్లు ఎవరి వేళ్లు పొదిగాయో చెప్పదు. వేడికి మెత్తబడిన లక్క చల్లారేలోగా ఆవగింజంత రాళ్లను ఒక్కొక్కటిగా అద్దాలి. చిన్న వేళ్లయితే పని చకచకా సాగుతుందట! కూలీ కూడా చిన్నదేనన్న సంగతి మాత్రం ఎవరూ పైకి అనరు. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో పోలీసులు సోదా చేస్తే 200 మందికి పైగా పిల్లలు బయటపడ్డారు. ఎక్కువమంది బిహార్ నుంచి తెచ్చినవారే. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు వారిని పనిలో పెట్టుకున్న యజమానికి 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, లేదంటే 20 వేల నుంచి 50 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. కొనేవారికి మాత్రం ఏ సెక్షనూ వర్తించదు. వారు మూడొందల జతను నూటయాభైకి దింపి, ఇంటికెళ్లి ఆ బేరాన్ని కోట గెలిచినట్టు చెప్పుకుంటారు. తగ్గిన నూటయాభై ఎవరి కూలీలోంచి తెగిందో బిల్లులో ఉండదు. అసలు బిల్లే ఉండదు. పనిలో పిల్లలు కనబడితే చెప్పాల్సిన నంబరు 1098. దానికి పైసా ఖర్చు లేదు, బేరమాడే పనీ లేదు.