సర్వరోగాలకూ ఫార్మాటే

తాడేపల్లిగూడెంలో 2015 నుంచీ ఎన్‌ఐటీ ఉంది. అయినా ఆ ఊళ్లో కానీ, ఏలూరులో కానీ, కైకలూరులో కానీ, గూగుల్ తెరిస్తే ఇంకేదో పేజీ వస్తోందని కంప్యూటర్‌ను రిపేరు కొట్టుకు మోసుకెళ్తే వినిపించే మాట ఒకటే: "వైరస్ అండీ, ఫార్మాట్ కొట్టేద్దాం." తెర వెలగకముందే తీర్పు!

2020 డిసెంబరులో ఏలూరు జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోయి, వందల మంది ఆసుపత్రి పాలైనప్పుడు నమూనాలు ఢిల్లీ ఎయిమ్స్ దాకా వెళ్లాయి. బాధితుల రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని అక్కడ తేల్చారు. అదే ఏలూరులో కంప్యూటర్‌కు జబ్బు చేస్తే మాత్రం పరీక్షల్లేవు, నేరుగా ఆపరేషనే.

కొల్లేటి చేపల రైతుకు మేత బిల్లులు, పట్టుబడి లెక్కలు, కూతురి పెళ్లి ఫొటోలు అన్నీ డెస్క్‌టాప్ మీదే. ఆ డెస్క్‌టాప్ ఉండేది సీ డ్రైవ్‌లోనని, ఫార్మాట్ తుడిచేది దాన్నేనని ఆయనకు ముందుగా ఎవరూ చెప్పరు. తర్వాత అడుగుతారు, "బ్యాకప్ పెట్టుకోలేదా అండీ?" అని.

చాలాసార్లు దొంగ బ్రౌజర్‌లోనే కూర్చుని ఉంటాడు. పైరసీ సినిమా సైటు "మీరు రోబో కాదని అలో నొక్కండి" అంటే బుద్ధిగా నొక్కి ఉంటారు. ఇక "మీ కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లు" అంటూ మూలన నోటిఫికేషన్లు మొదలు. సెట్టింగ్స్‌లో ఆ సైటు అనుమతి తీసేస్తే నోరు మూస్తుంది. లేదంటే ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట దిగిన ఎక్స్‌టెన్షన్ హోమ్‌పేజీని మార్చేసి ఉంటుంది. 2017 జూన్‌లో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టిన ఫైర్‌బాల్ అనే మాల్‌వేర్ సరిగ్గా ఈ పనే చేసింది. అది సోకినవి ప్రపంచంలో 25 కోట్ల కంప్యూటర్లు, అందులో 2.5 కోట్లకు పైగా మనదేశంలోవేనని ఆ సంస్థ లెక్క. అంత లేదు పొమ్మంది మైక్రోసాఫ్ట్. సగం కోసేసినా చిన్న సంఖ్యేం కాదు.

అసలు తమాషా ఫార్మాట్ తర్వాత ఉంది. క్రోమ్‌లో సింక్ ఆన్‌లో ఉంటే ఎక్స్‌టెన్షన్ల జాబితా గూగుల్ ఖాతాలో భద్రం. కొత్త విండోస్‌లో పాత మెయిల్‌తో లాగిన్ అయి సింక్ నొక్కగానే, పెళ్లి ఫొటోలు రావు కానీ ఆ ఎక్స్‌టెన్షన్ మాత్రం తిరిగొచ్చేస్తుంది.

కొత్త విండోస్ అన్నామా? పెన్‌డ్రైవ్‌లోని క్రాక్ కాపీ. యాక్టివేటర్ నడవాలంటే ముందు విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ గొంతు నొక్కాలి. "సిస్టమ్ స్లో అవుద్దండీ" అని అప్‌డేట్లూ ఆపేస్తారు. 2017 మేలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లకూ సోకింది. దాన్ని ఆపే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే విడుదల చేసింది. అంటే లేని వైరస్‌కు వైద్యం చేసి, నిజం వైరస్‌కు తలుపు తీసిపెడుతున్నారన్న మాట. ఫీజు పుచ్చుకుని మరీ.

అదే సంవత్సరం ఫిబ్రవరిలో కేంద్రం సైబర్ స్వచ్ఛతా కేంద్ర పెట్టి, మాల్‌వేర్ తొలగించే సాధనాలు ఉచితంగా ఇస్తోంది. కొట్టువాళ్లకు దానిమీద మోజు లేదు. ఉచితానికి బిల్లు ఎలా రాస్తారు? వారం తిరక్కుండా ఆ పేజీ మళ్లీ తెరుచుకుంటే రెండో వైద్యం సిద్ధంగానే ఉంది: "హార్డ్ డిస్క్ పోయిందండీ, మార్చేయాలి."