సిద్ధపడకండి, కళ్లు మూయకండి

మనసు కుదురుగా ఉండాలంటే ఏం చేయాలని ఎవరినడిగినా ఒకటే చెబుతారు. తెల్లారకముందే లేవండి, తలుపేసుకోండి, కళ్లు మూసుకుని ఊపిరి మీద ధ్యాస పెట్టండి. నలుగురిలో మాట్లాడాలంటే రాసుకుని బట్టీ పట్టండి. నేను చెప్పబోయేవి వీటికి తలకిందులు. కుప్పం దగ్గరి మన గుడుపల్లె మనుషులకు ఇవి వింతగా తోచకూడదు. మూడు రాష్ట్రాలు కలిసే చోట బతుకుతున్నాం. ఇక్కడ తెలుగులో మొదలైన బేరం తమిళంలోకి పోయి కన్నడంలో తెగుతుంది. ఎదుటి మనిషి మొహం చూసి అప్పటికప్పుడు మాట మార్చుకోకపోతే పూట గడవదు. గమనించడం, అప్పటికప్పుడు అల్లడం వేర్వేరు విద్యలు కావు. ఒకటి లేకుండా రెండోది నిలవదు.

కాబట్టి ధ్యానం నేర్చుకోవాలని ఎక్కడికో పోకండి. భారతానికి పొండి. ఎండాకాలంలో మన కుప్పం వైపు పల్లెల్లో మహాభారత ఉత్సవాలు జరుగుతాయి. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ నాటకం, ఆఖరున మట్టి దుర్యోధనుడి వధ, అగ్నిగుండం. అన్ని రోజులూ వీలుకాకపోతే అర్జునుడి తపస్సు రోజైనా పొండి. ఎత్తుగా పాతిన తపస్సుమాను కింద పిల్లలు కావాలని మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో బోర్లా పడుకుని ఉంటారు. అర్జున వేషగాడు పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. పైకి చేరాక నిమ్మకాయలు, విభూతి, పూలు కిందికి విసురుతాడు.

అందరూ నిమ్మకాయల కోసం చూస్తుంటారు. మీరు అతని పాదం చూడండి. బొటనవేలు పై మెట్టును తడుముతుంది, ఆనిందని తేలాకే మడమ లేస్తుంది. అంతలో గాలి విసురుతుంది, మాను ఊగుతుంది. అతను ఎక్కడం ఆపుతాడు గానీ పాట ఆపడు, అదే చరణం మళ్లీ ఎత్తుకుంటాడు. కింద హార్మోనియం ఆయన తలెత్తి చూస్తూనే ఆ చరణాన్ని ఇంకోసారి తిప్పుతాడు. మద్దెల కూడా నెమ్మదిస్తుంది. గాలి తగ్గాక పాట ముందుకు పోతుంది, కాలు పైమెట్టుకు పోతుంది. ఆ చరణం అక్కడ రెండుసార్లు రావాలని ఏ నాటకం ప్రతిలోనూ రాసి ఉండదు. కాలు గాలిని కనిపెట్టింది కాబట్టే గొంతు దారి మార్చుకోగలిగింది. కళ్లు మూసుకుని నేర్చుకునే ఏ పాఠమూ నాకు దీన్ని ఇంత బాగా చెప్పలేదు.

రెండో మాట. మనసును ఒకేదాని మీద నిలపాలని తాపత్రయపడకండి. అష్టావధానం చూసినవాళ్లకు ఇది తెలుసు. అవధాని చుట్టూ ప్రశ్నలడిగే ఎనిమిదిమంది పృచ్ఛకులు ఉంటారు. నిషిద్ధాక్షరి అడిగే ఆయన అవధాని ఒక అక్షరం చెప్పగానే తరవాత రాబోయేదాన్ని ఊహించి అది వద్దంటాడు. అప్పుడు ఇంకో దారిలో పద్యం నడపాలి. మధ్యలో ఎవరో గంట కొడుతుంటే లెక్క తప్పకూడదు. ఇన్నిటి నడుమ, పనికిరాని ప్రశ్నలతో దృష్టి మళ్లించడానికే ఒకాయన్ని కూర్చోబెడతారు. అప్రస్తుత ప్రసంగం అనే ఆ పని చేసేవాణ్ని సభలోంచి గెంటెయ్యరు, పిలిచి పీట వేస్తారు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనానికి రుచి చూపించిన ఈ విద్యలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఆ పీటే. ఇంట్లో మనం చేసేది దీనికి ఎదురు. లెక్కలు చూసుకుంటుంటే పిల్లోడొచ్చి చొక్కా లాగితే కసురుతాం. కసరకండి. పెన్ను కింద పెట్టి, వాడు చెప్పేది పూర్తిగా విని, జవాబిచ్చి, వదిలిన అంకె దగ్గరికి తిరిగి రండి. రోజూ చేస్తే అంకె గుర్తుంటుంది, పిల్లోడూ మిగులుతాడు.

ఇక అందరూ కాదనేది. మాటలు సిద్ధం చేసుకుని పోకండి. మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి తన కోసమే ఇతరులు పెట్టిన నక్షత్ర సంఘాన్ని 1929 ఆగస్టులో హాలండ్‌లోని ఓమెన్‌లో రద్దు చేశారు. సత్యానికి వేసిన బాట ఏదీ లేదన్నది ఆయన వాదం. ఆ తరవాత దశాబ్దాలపాటు ఊళ్లూ దేశాలూ తిరిగి చేతిలో కాగితం లేకుండానే మాట్లాడారు. ఏ పద్ధతీ పట్టుకోకుండా ఉన్నదాన్ని ఉన్నట్టు గమనించమన్నారు. ఆయన పెట్టిన రిషివ్యాలీ బడిలో పిల్లలు పొద్దుగూకే వేళ మాటల్లేకుండా కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు, కళ్లు తెరుచుకునే.

సాధన మానమని మాత్రం నేను అనడం లేదు. అర్జున వేషగాడికి పద్యాలన్నీ కంఠతా వచ్చు. అవధానికి ఛందస్సు నరాల్లో ఉంటుంది. వద్దనేది, ఆ పూట ఏమనాలో ముందే రాసి పెట్టుకోవడాన్ని. చావు జరిగిన ఇంటికి పరామర్శకు పోతూ దారిపొడుగునా మాటలు కూర్చుకుంటాం. పోయాక అవి ఒక్కటీ అతకవు. మాటలు కూర్చుకోకుండా పొండి. పోయి ఒకచోట కూర్చుని ఇల్లు చూడండి. బిందె ఖాళీగా ఉంటే నీళ్లు పట్టండి. ఆవు అరుస్తుంటే గడ్డి వేయండి. ఇంటామె మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే మీరూ మాట్లాడకండి.

తెలివైన మాట కోసం వెతకడం కూడా మానండి. నాటకాల్లో ఆశువు నేర్పిన కీత్ జాన్‌స్టన్ 1979లో అచ్చయిన తన పుస్తకంలో ఇదే నేర్పాడు. కొత్తదనం కోసం పాకులాడొద్దు, కళ్లెదుట ఉన్నది అనండి అన్నాడు. అదే 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్-జిన్ రోగులకు ఎరుక సాధన (మైండ్‌ఫుల్‌నెస్) నేర్పడం మొదలుపెట్టాడు. ఈ రెంటినీ ఇంకా వేర్వేరు తరగతుల్లో నేర్పుతున్నారు. నాకది నచ్చదు. రెంటినీ కలిపి ఇంట్లోనే నేర్పొచ్చు. మన గుడివంకలో అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం ఉంది, 172 ఎకరాలు. అక్కడ బడిపిల్లలు చౌక సామాన్లతో తామే చేసి చూసి సైన్సు నేర్చుకుంటారు. మీ పిల్లోడు అక్కడినుంచి వచ్చి ఏదైనా అడిగితే జవాబు చెప్పేయకండి. నువ్వేం చూశావని అడగండి. వాడు చెప్పే మాట పట్టుకుని అక్కడినుంచి ఇద్దరూ కలిసి అల్లండి.

ఒక్కచోట మాత్రం ఈ సలహాలు పనికిరావు. కౌండిన్య అభయారణ్యం దాటి ఏనుగులు చేలల్లోకి దిగితే అప్పటికప్పుడు తోచింది చేయకండి. టార్చి పట్టుకుని దగ్గరికి పోవద్దు, వీడియో తీయొద్దు, తాగినవాణ్ని చేనికాడికి పోనీయొద్దు. గాలి ఎటు వీస్తోందో చూసి, చెరుకు ఎక్కడ విరుగుతోందో విని వెనక్కి తగ్గండి. అటవీశాఖ వాళ్లకు ఫోన్ చేయండి, పక్క చేలల్లో కాపలా ఉన్నవాళ్లను కేకేసి లేపండి.