బందీ కోటు: మూలం, టీక, తాత్పర్యం

అవతారిక: శాలిబండలో మా మేడ మీద ఉండే కుర్రాడు గేములకు బొమ్మలు చేస్తాడు. ఈసారి బందీ యోధుడట. చేతులు రొమ్ము మీద మడిచి వెనక బిగించిన కోటు, ఒంటినిండా తోలుపట్టీలు, బకిల్సు, గొలుసులు. క్లయింటు వాట్సాప్‌లో పంపిన ఆజ్ఞను లోకహితార్థం ఆటవెలదిలో పెట్టాను.

మూలం:
కట్లు బిగియవలయు, గదలికయును వలె,
కుట్టు కానరాక కుదురవలయు,
నిన్న గోరినట్టి నిండైన బొమ్మను
నేడె యిచ్చి పొమ్ము నేర్పు తోడ.

ప్రతిపదార్థం: కట్లు = పట్టీలు; బిగియవలయు = చర్మంలోకి దిగబడకుండా, గాలిలో తేలకుండా ఉండాలి; కదలికయును వలె = యోధుడు గింజుకుంటే కోటూ గింజుకోవాలి; కుట్టు కానరాక = యూవీ సీములు, అంటే రంగు అద్దడానికి బొమ్మ తొక్కను విప్పి పరిచే అతుకులు, చంకల్లో దాగి; నిండైన = వివరాలు ఎక్కువ, పాలిగాన్లు తక్కువ అయిన; నేడె = రేపు లేదని ధ్వని; నేర్పు తోడ = ఉచిత సవరణలతో.

తాత్పర్యం: కదలనివ్వని బట్ట కదలాలి.

వ్యాఖ్య: ఇది విరోధాభాసం. కంప్యూటరుకు తోలూ తెలియదు, ఒళ్లూ తెలియదు. దానికి తెలిసింది మెష్ అనే పాలిగాన్ల వల, లోపల ఎముకలు, ఏ బిందువు ఏ ఎముక మాట ఎంత వినాలో చెప్పే 0 నుంచి 1 దాకా వెయిట్లు. పట్టీ మొత్తాన్ని ఒక్క ఎముకకే అప్పగిస్తే అది రేకులా కదులుతుంది. కింది చర్మం వెయిట్లే దానికీ ఇస్తే రబ్బరులా సాగుతుంది. తోలు ఈ రెండూ కాదు.

‘బట్ట కదలికను కంప్యూటరే లెక్కగట్టే సిమ్యులేషన్ ఉండగా ఈ చింత ఎందుకు?’ అని పూర్వపక్షం. ఆ పనికి వాడే సాఫ్ట్‌వేర్లలో ఒకదాని పేరు హూడినీ. ఆ పేరుగల ఇంద్రజాలికుడు (1874–1926) తలకిందులుగా వేలాడుతూ ఇలాంటి కోట్లలోంచే బయటపడి పేరు తెచ్చుకున్నాడు. కొలిజన్, అంటే ఏది దేన్ని తాకిందో చూసే లెక్క, కాస్త తప్పితే మన పట్టీలూ యోధుడి డొక్కలోంచి అలాగే బయటికొస్తాయి.

మార్వెలస్ డిజైనర్ అనే మరో సాఫ్ట్‌వేర్ కొంత మేలు. బట్టను పరిచిన ముక్కలుగా గీసి, తరువాత ఒంటి మీద కుడుతుంది. అంటే దర్జీ పని. అందుకే కుర్రాడు పత్తర్‌గట్టిలో షేర్వానీలు కుట్టే చాచా దగ్గరికి వెళ్లాడు. ఆయన కుర్రాడి ఛాతీకి టేపు చుట్టి, దాని కింద రెండు వేళ్లు దూర్చి, ‘ఇప్పుడు ఊపిరి పీల్చు బేటా’ అన్నాడు. ఆ రెండు వేళ్ల సందు లేకపోతే ఎంత బిగించినా బట్ట కాదు, పూసిన రంగు.

అక్కణ్ణుంచి సాలార్‌జంగ్ మ్యూజియం. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి తెచ్చిన, శిల్పి బెంజోనీ చెక్కిన ‘ముసుగు రెబెక్కా’ ముందు కుర్రాడు గంట నిలబడ్డాడు. పాలరాతి ముసుగు ముక్కుకు, చెంపకు అంటుకుంటుంది. మిగతా చోట్ల వదులుగా జారుతుంది. తాకే చోటు తెలిసేది తాకని చోటు వల్లే. బెంజోనీకి ఒకటే సుఖం: రెబెక్కా చెయ్యెత్తదు.

ఫలశ్రుతి: రెండు వేళ్ల సందు వదిలి బిగించాక బందీ నిజంగా బందీ అయ్యాడు. తెల్లవారుజామున బొమ్మ వెళ్లింది.

పాఠాంతరం: పొద్దున్నే క్లయింటు నుంచి కొత్త పాఠం వచ్చింది. ‘కట్లు’ తీసేసి ‘ముసుగు’ వేయాలట. గణం సరిపోతుంది, యతి చెడుతుంది, గడువు మారదు. రెబెక్కాను మళ్లీ చూసొద్దామంటే ఆ రోజు శుక్రవారం. మ్యూజియానికి సెలవు.